చెంచాడు వెన్న బట్వాడా

మేడ మీది ముందు గది
జూన్ 3, ఉదయం 9-20
ఉత్తరం సంఖ్య 41

చిరంజీవి పిడుగుకి అమ్మమ్మ దీవెనలు.

నువ్వు వైవాలో తప్పావని మీ అమ్మ ఆదివారం చెప్పింది. నువ్వు చెప్పలేదు. తప్పడం కన్నా చెప్పకపోవడమే నాకు ఎక్కువ నచ్చలేదు.

జరిగింది ఇదట. మీరంతా కత్తెర అని పిలుచుకునే ఆ పరీక్షకురాలు, "నేను చెంచాడు వెన్న నోట్లో వేసుకున్నాను. అది నా పిక్క కండ దాకా ఎలా చేరుతుందో చెప్పమ్మా" అని అడిగింది. నువ్వు కొవ్వుకి నిర్వచనం మొదలుపెట్టావు. ఆవిడ మధ్యలోనే తుంచి, "నిర్వచనం సరే, నా వెన్న ఎక్కడుంది?" అంది. నువ్వు ఇంకో నిర్వచనం చెప్పావు. మూడోసారి అడిగితే ఏదో చెప్పి, బయటికొచ్చి ఏడ్చావు.

బట్టీ పట్టిన పాఠం అరువు తెచ్చుకున్న గొడుగు. సరిగ్గా వాన పడేటప్పుడే సొంతదారు వచ్చి అడుగుతాడు.

రెండో అవకాశం సెప్టెంబరు 18న ఉందనీ, అప్పుడూ తప్పితే పోషకాహార కోర్సులోంచి నీ పేరు కొట్టేస్తారనీ కూడా మీ అమ్మ చెప్పింది. చెబుతూ తనూ కళ్లు తుడుచుకుంది. "ఏడుపు తర్వాత, ముందు తారీఖు సరిగ్గా చెప్పు" అన్నాను. చెప్పాక రాసుకున్నాను.

నాకు జీవశాస్త్రం రాదు. సరుకు రవాణా వచ్చు. రైల్వే పార్సిలు ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు చేశాను, చివరి పదకొండేళ్లు సూపర్‌వైజరుగా. నా చేతుల మీద పోయిన పార్సిలు ఒక్కటే, అదీ నాలుగో రోజున దొరికింది. కాబట్టి ఆ చెంచాడు వెన్నని నా దగ్గర బుక్ చెయ్యి. ఎక్కడ ఎక్కింది, ఎక్కడ బండి మారింది, ఎవరు విప్పారు, ఎవరు కట్టారు, ఎవరు సంతకం పెట్టి తీసుకున్నారు, అన్నీ రాయాలి. మధ్యలో ఒక్క స్టేషను వదిలినా ఉత్తరం వెనక్కి వస్తుంది. పుస్తకంలో పేర్లు తర్వాత, ముందు పని చెప్పు.

ఫోన్ చేయకు. ఫోన్లో మాటకి కార్బన్ కాపీ ఉండదు.

ఇక్కడ నేను కులాసా. ఈ మధ్య తిండి కొంచెం తగ్గించాను. వయసు వల్ల. దాని మీద ప్రశ్నలు అనవసరం.

అమ్మమ్మ

*

హాస్టలు, మూడో అంతస్తు, గది 14
జూన్ 12

అమ్మమ్మకి పిడుగు నమస్కారాలు.

చెప్పనందుకు తప్పయింది. చెబితే ఉత్తరం వస్తుందని భయపడ్డాను. చెప్పకపోయినా వచ్చింది.

వెన్న బుక్ చేస్తున్నాను. మా మెస్సులో వెన్న అంటే రొట్టె మీద ఒకప్పుడు వెన్న ఉండేదని చెప్పే గుర్తు మాత్రమే, అందుకని ఊహించుకుని రాస్తున్నాను.

నోరు: ఇక్కడ వెన్న కరుగుతుంది. పెద్ద పనేమీ జరగదు. పిండి పదార్థాలకైతే నోట్లోనే పని మొదలవుతుంది, కొవ్వుకి ఇది ప్లాట్‌ఫారం మాత్రమే.

కడుపు: బాగా చిలుకుతుంది. కాస్త కోత కూడా జరుగుతుంది కానీ చెప్పుకోదగ్గంత కాదు. కొవ్వు వచ్చిందంటే కడుపు తొందరపడదు, గేటు కొద్దికొద్దిగా తీసి చిన్నపేగులోకి వదులుతుంది. వేపుళ్లు తిన్న రోజు మనకి చాలాసేపు ఆకలి వేయనిది అందుకే.

చిన్నపేగు: అసలు ఆఫీసు ఇది. లోపలంతా నీళ్లు, వచ్చిందేమో నూనె సరుకు. రెండిటికీ పొసగదు. అందుకని పేగు గోడ వెన్నని రుచి చూడగానే రక్తంలో ఒక కబురు పంపుతుంది. ఆ కబురు పేరు కోలిసిస్టోకైనిన్. పనే చెప్పమన్నావు గానీ, ఇది నేర్చుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది, ఒక్కసారైనా వాడుకోనీ. కబురు అందగానే కుడివైపు కాలేయం కింద వేలాడే పిత్తాశయం అనే చిన్న సంచి ముడుచుకుని, తను దాచిన పైత్యరసాన్ని పేగులోకి పిండుతుంది. పైత్యరసం తయారయ్యేది కాలేయంలో, నిల్వ ఉండేది ఈ సంచిలో. అది నూనెని కోయదు. జిడ్డు కంచం మీద సబ్బు చేసే పని చేస్తుంది, పెద్ద ముద్దని సన్నటి బొట్లుగా విడగొడుతుంది. అప్పుడు క్లోమం నుంచి లైపేజ్ అనే కత్తెర వచ్చి ఆ బొట్లలోని కొవ్వుని ముక్కలు చేస్తుంది. మా కత్తెర కన్నా నయం, పని పూర్తయ్యేదాకా ఉంటుంది.

ముక్కలు పేగు గోడ దాటి రక్తంలో కలిసి తిన్నగా కాలేయానికి వెళ్తాయి. కాలేయం సంతకం పెట్టి తీసుకుంటుంది. బట్వాడా పూర్తి.

ఎన్ని మార్కులు?

పిడుగు

*

మేడ మీది ముందు గది
జూన్ 20, ఉదయం 10-05
ఉత్తరం సంఖ్య 42

చిరంజీవి పిడుగుకి,

నూటికి నలభై ఆరు. అందులో ఆరు చేతిరాతకి.

పేగు దాకా నీ రవాణా బాగుంది. కబురు వెళ్లాక గిడ్డంగి తలుపు తీయడం నాకు నచ్చింది. అడగకుండా సరుకు దింపే గుమాస్తాలని నేను చాలామందిని చూశాను. అయితే అంత పొడుగు పేరున్నవాళ్లకి మా రైళ్లలో బెర్తు దొరకదు.

ఇక తప్పులు. పేగులో నీళ్లున్నాయి కాబట్టి నూనె కలవదని నువ్వే రాశావు. రక్తం నీళ్లు కాదా? పేగులో కలవనిది రక్తంలో ఎలా కలిసింది? మూట కట్టకుండా నూనెని బండిలో పోసి పంపావు. నా ఆఫీసులో అయితే దారి పొడవునా కారేది.

రెండోది. పార్సిలు మీద చిరునామా పిక్క కండ. నువ్వు దింపింది కాలేయం దగ్గర. పక్కింటివాళ్లు సంతకం పెడితే బట్వాడా అయినట్టు కాదు. ఆ వెన్నని వెతికి తీసుకురా.

ఆ గిడ్డంగి సంగతి ఇంకొంచెం వివరంగా కావాలి. ఒకటి, ఆ సంచి గోడలు గట్టివా? రెండు, అందులో సరుకు ఎక్కువకాలం నిల్వ ఉంటే చెడుతుందా? మూడు, కొవ్వే పంపకుండా ఉంటే ఆ తలుపు మూసే ఉంటుంది కదా, అప్పుడు అందరికీ క్షేమమేనా? ఊరికే, విషయం తెలుసుకోవడానికి అడుగుతున్నాను.

కింది వాటాలో అద్దెకున్న దర్జీ కొత్త పెనం కొన్నాడు. మధ్యాహ్నం అయ్యేసరికి బంగాళాదుంపలు వేయించిన వాసన మెట్లెక్కి వస్తుంది. వాసనకి అద్దె వేయడానికి లేదు.

అమ్మమ్మ

*

హాస్టలు, గది 14
జూలై 2

అమ్మమ్మా,

నీ ఉత్తరం చదివాక తెలిసింది. వైవాలో నేను మూడోసారి చెప్పిన జవాబు కూడా అదే. 'రక్తంలో కలిసి కాలేయానికి వెళ్తుంది' అన్నాను. కత్తెర పెన్ను మూసేసింది. ఎందుకు మూసిందో ఈ మూడు నెలల్లో నాకు తెలియలేదు, నువ్వు జీవశాస్త్రం చదవకుండానే పట్టేశావు.

వెన్న దొరికింది. విను.

కత్తెర పడిన ముక్కల్ని పైత్యరసమే చిన్న చిన్న గుంపులుగా చేరదీసి పేగు గోడ దాకా తీసుకొస్తుంది. గోడ దాటి లోపలి గదిలోకి వెళ్లాక, నువ్వు కోప్పడకు, ముక్కల్ని మళ్లీ అతికించి మునుపటి కొవ్వులాగే తయారుచేస్తారు. నువ్వేం అడుగుతావో నాకు తెలుసు. మళ్లీ కట్టేదానికి విప్పడం ఎందుకు, ఇది ఏ శాఖ తెలివి అంటావు. మనం ఇల్లు మారినప్పుడు మంచం గుమ్మంలో పట్టలేదు, గుర్తుందా. నువ్వే నిలబడి కాళ్లూ పట్టీలూ విప్పించి, లోపలికి చేర్చి, మళ్లీ బిగించావు. ఇదీ అంతే. గుమ్మం చిన్నది, మంచం పెద్దది.

బిగించిన కొవ్వుని ఇప్పుడు మూట కడతారు. బయటివైపు నీళ్లతో సర్దుకుపోయే పొర, మధ్యమధ్య మాంసకృత్తుల ముక్కలు, లోపల నూనె. ఆ మాంసకృత్తుల ముక్కే చిరునామా చీటీ కూడా. ఈ మూట పేరు కైలోమైక్రాన్. మూట పెద్దది, పేగు దగ్గరి సన్నటి రక్తనాళాల్లో దూరదు. అందుకని శోషరస నాళాలు అనే పక్క సందులోంచి, కాలేయం గుమ్మం తొక్కకుండా పైకి ప్రయాణం చేసి, ఎడమ భుజం దగ్గర, మెడ కింద ఒక పెద్ద సిరలోకి దిగి రక్తంలో కలుస్తుంది. చక్కెరా మాంసకృత్తులూ కాలేయానికి హాజరు వేయించుకున్నాకే ఊళ్లోకి వెళ్తాయి. వెన్న మాత్రం దొడ్డిదారిన వెళ్తుంది. బాగా కొవ్వు ఉన్న భోజనం చేసిన కాసేపటికి రక్తం తీసి చూస్తే పైన తేరే నీరు పాలలా తెల్లగా ఉంటుందట. నీ పార్సిళ్లే అవి.

పిక్క దగ్గర సన్నటి రక్తనాళం గోడకి ఇంకో కత్తెర అంటిపెట్టుకుని ఉంటుంది. అది మూటలో కొవ్వుని కోసి కండకి అందిస్తుంది. కండ కాల్చుకుని నడుస్తుంది. కండకి అక్కర్లేకపోతే కొవ్వు కణాలు తీసుకుని దాచుకుంటాయి, నాలాంటి వాళ్లకి నడుము దగ్గర. ఖాళీ అయిన మూట మాత్రం చివరికి కాలేయానికి చేరుతుంది. అంటే సంతకం కాలేయమే పెడుతుంది, కానీ ఖాళీ సంచికి.

గిడ్డంగి సంగతి: గోడలు మెత్తటివి. సరుకు ఎక్కువకాలం కదలకపోతే చిక్కబడి అడుగున గడ్డకడుతుంది. కొన్నాళ్లకి రాళ్లూ అవుతాయి. ఇది మా సిలబస్సులో లేదు, అయినా రాశాను. మార్కులు ఎక్కువ వెయ్యి.

పిడుగు

*

మేడ మీది ముందు గది
జూలై 15, ఉదయం 8-40
ఉత్తరం సంఖ్య 43

చిరంజీవి పిడుగుకి,

నూటికి డెబ్భై ఎనిమిది. మంచం మాట బాగుంది. ఆ రోజు పట్టీ ఒకటి తలకిందులుగా బిగించింది మీ తాతయ్య, నేను కాదు. రికార్డు కోసం రాస్తున్నాను.

కొవ్వు పూర్తిగా మానేస్తే శరీరానికి నష్టమా? అవునో కాదో చాలు. ఆ సంచి లేకుండా తిరిగే మనుషులు నిజంగా ఉన్నారా? ఉంటే ఏం తింటారు?

దర్జీ నిన్న కూడా పళ్లెం పట్టుకొచ్చాడు. "పెద్దమ్మగారూ, వారం నుంచీ వెనక్కి పంపుతున్నారు. నూనె మార్చానండీ" అన్నాడు. నూనె కాదు సమస్య అన్నాను. "అయితే నేనా అండీ?" అన్నాడు. తలుపు వేశాను.

ఈసారి ఉత్తరం చిన్నది. పనులున్నాయి.

అమ్మమ్మ

*

హాస్టలు, గది 14
జూలై 19

అమ్మమ్మా,

నీ ప్రశ్నలకి జవాబులు తర్వాత. ముందు నేను అడగాలి.

నీ ఉత్తరం సంఖ్య 43 వెనక్కి తిప్పితే నీలం రంగులో నీ చేతిరాతే ఉంది. ఏం చేశావో నాకు అర్థమైంది. ఉత్తరం రాశాక ఎప్పటిలా బోర్లా పెట్టావు. కార్బన్ దాని మీదే ఉండిపోయింది. ఆ పైన ముందురోజు తిండి లెక్క కాగితం వేసి, రాతి మీద చెక్కినట్టు నొక్కి రాశావు. చదువుతున్నాను, సరిగ్గా ఉందో లేదో చూడు.

'జూలై 14. మధ్యాహ్నం 1-10, భోజనం. రొట్టె రెండు ముక్కలు. వెన్న అర చెంచా, పరీక్ష కోసం. 1-50, కుడి పక్కటెముకల కింద నొప్పి మొదలు. 2-20, కుడి భుజం వెనక దాకా. కూర్చోలేకపోయాను. 4-05, తగ్గింది. మే నుంచి ఇది తొమ్మిదోసారి. వెన్న లేని రోజుల్లో లేదు. ఇక వెన్న బంద్.'

నలభై నిమిషాలు. కుడివైపు. కొవ్వు తిన్న రోజే. కబురు వెళ్లింది, సంచి ముడుచుకుంది, దారికి ఏదో అడ్డం పడింది. నేను నీకు రాసిన పాఠమే అది. తెలుసుకోవడానికి అడుగుతున్నాను అన్నావు. నేను మార్కుల కోసం మురిసిపోతూ రాళ్ల గురించి కూడా రాశాను.

నీకు పిత్తాశయంలో రాళ్లున్నాయని నా అనుమానం. అనుమానం నాది, తేల్చాల్సింది వైద్యుడు. ఈ వారమే వెళ్లు. జ్వరం గానీ, కళ్లు పచ్చబడటం గానీ, తగ్గని నొప్పి గానీ వస్తే ఈ వారం కూడా కాదు, ఆ గంటే వెళ్లాలి. అమ్మకి చెప్పావా? చెప్పి ఉండవు. వైవాలో తప్పినట్టు నేను చెప్పలేదని ఎవరో నన్ను మందలించారు. కాపీ నా దగ్గరుంది.

పిడుగు

*

మేడ మీది ముందు గది
జూలై 24, ఉదయం 11-15
ఉత్తరం సంఖ్య 44

పిడుగుకి,

ఆఫీసు కాగితాల వెనక వైపు చదవడం మర్యాద కాదు.

ఇదే కార్బన్ పొరపాటుకి ఒకప్పుడు ఒక గుమాస్తాకి సంజాయిషీ నోటీసు ఇచ్చాను. న్యాయం అందరికీ ఒకటే కాబట్టి నాకు నేనూ ఇచ్చుకున్నాను. వచ్చిన జవాబు తృప్తికరంగా లేదు.

సరే, నిజం రాస్తాను. మే నెల 22న వైద్యుడి దగ్గరికి వెళ్లాను. స్కాన్ చేసి తెర మీద చూపించారు. రాళ్లే. ఎన్ని అని అడిగితే "చాలా" అన్నాడు. చాలా అనేది సంఖ్య కాదన్నాను. సర్జను సంచి తీసేద్దాం అన్నాడు. తీసేస్తే ఏమవుతుంది అని అడిగాను. "ఏమీ కాదండీ, అది లేకపోయినా నడిచిపోతుంది" అని నవ్వాడు. నేను లేచి వచ్చేశాను.

ఎందుకు లేచానో అప్పుడు నాకే తెలియలేదు. ఇంటికొచ్చాక తెలిసింది. నేను ఉద్యోగం దిగిపోయిన రోజు తాళాలు అప్పగిస్తూ, వానాకాలంలో ఏ గదిలో ఏ మూల తడుస్తుందో కొత్తాయనకి రాసిస్తుంటే, ఆయన కూడా ఇదే నవ్వుతో, "పర్లేదు మేడమ్, మీరు లేకపోయినా నడిచిపోతుంది" అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్లు. ఈ సంచినేమో అరవై తొమ్మిదేళ్లు మోశాను. దేన్నైనా సరే అంత తేలిగ్గా కొట్టేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకో సంగతి. నేను ఆసుపత్రిలో చేరితే నువ్వు పుస్తకం మూసి ఇక్కడికి వచ్చి కూర్చుంటావు. సెప్టెంబరు 18 ముందు అది జరగడానికి వీల్లేదు. నీ వైవా దాటాక ఆలోచిద్దాం. అందాకా కొవ్వు బంద్, నొప్పీ బంద్.

అమ్మమ్మ

*

హాస్టలు, గది 14
ఆగస్టు 1

అమ్మమ్మా,

నీ ఒప్పందం నాకు సమ్మతం కాదు. కారణాలు రాస్తున్నాను, ఫైల్లో పెట్టుకో.

కొవ్వు బంద్ పెడితే నష్టమే. అవునో కాదో చాలన్నావు కాబట్టి: అవును. ప్రతి కణానికీ గోడ కట్టేది కొవ్వుతోనే. ఏ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వు బండెక్కితే తప్ప లోపలికి రావు. ఒక గ్రాము పిండి ఇచ్చే శక్తికి రెట్టింపు పైగా గ్రాము కొవ్వు ఇస్తుంది. నీ మడమలు పగిలాయనీ చర్మం పొట్టు రాలుతోందనీ అమ్మ రాసింది. చలికాలం కాదు, మే నుంచి నువ్వు తగ్గిస్తూ వచ్చిన వెన్నకీ అందులో వాటా ఉండొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, తలుపు తీయని గిడ్డంగిలో సరుకు ఇంకా గడ్డకడుతుంది. నువ్వు రాళ్లని ఆపడం లేదు, పెంచుతున్నావు. అలాగని వెన్న తినమనీ కాదు. తింటే నొప్పి, మానితే రాళ్లు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. దాటాల్సిన దారి సర్జను గదిలోంచే.

ఇక ఆ నవ్వు సంగతి. సర్జనుకి మాట్లాడటం రాలేదు. నేను చెబుతాను. కాలేయం రోజంతా పైత్యరసం చేస్తూనే ఉంటుంది. సంచి చేసేది దాన్ని పట్టి ఉంచి, చిక్కబరిచి, సరిగ్గా వెన్న వచ్చిన నిమిషానికి ఒక్కసారిగా ఇవ్వడం. సంచి పోయాక రసం ఆగదు, బొట్టు బొట్టుగా పేగులోకి కారుతూనే ఉంటుంది. మొదట్లో తడబాటు ఉంటుంది, పెద్ద సరుకు ఒకేసారి దింపితే పేగు గోల చేస్తుంది. కొద్దికొద్దిగా పంపుతూ ఉంటే కొన్ని వారాలకి అలవాటు పడుతుంది. నువ్వు వెళ్లాక నీ ఆఫీసులో ఏం జరిగింది? మూడు నెలలు పార్సిళ్లు అటూ ఇటూ అయ్యాయనీ, నువ్వు రాసిచ్చిన ఆ వానాకాలం కాగితాన్ని వాళ్లు చివరికి గోడకి అంటించారనీ నువ్వే చెప్పావు. లేకపోయినా నడిచిందంటే, ఉన్నన్నాళ్లూ ఏమీ చేయలేదని కాదు కదా.

ఇంకోటి, నీకు నచ్చుతుంది. పని అయిపోయాక పైత్యరసంలో సబ్బు పని చేసే లవణాల్ని పారేయరు. చిన్నపేగు చివర్న నూటికి తొంభై అయిదు వంతులు తిరిగి తీసుకుని కాలేయానికి పంపేస్తారు. అవే మళ్లీ వస్తాయి, రోజుకి చాలాసార్లు. ఖాళీ గోనెసంచులు లెక్కపెట్టి వెనక్కి తెప్పించిన మనిషివి నువ్వు. నీ ఒంట్లో నీ పద్ధతే నడుస్తోంది.

చివరిగా బెదిరింపు. నువ్వు తారీఖు తీసుకోకపోతే నేను వైవాకి కూర్చోను. పేరు కొట్టేస్తే కొట్టేస్తారు. నేను నీ మనవరాలిని, పంతం ఎక్కడినుంచి వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.

పిడుగు

*

మేడ మీది ముందు గది
ఆగస్టు 9, ఉదయం 9-00
ఉత్తరం సంఖ్య 45

పిడుగుకి,

నూటికి తొంభై. బెదిరింపుకి పది తీసేశాను.

సర్జను దగ్గరికి మళ్లీ వెళ్లాను. నీ ఉత్తరంలోని సంచి పేరా చదివి వినిపించాను. "ఇంత వివరంగా నేను చెప్పి ఉండాల్సిందండీ" అన్నాడు. అవును అన్నాను. నొప్పి మళ్లీ రాలేదు కాబట్టి వచ్చే నెల దాకా ఆగవచ్చట. వస్తే ఆగకూడదట. రాసుకున్నాను. నాలుగు తారీఖులు ఇచ్చాడు. సెప్టెంబరు 18, పదకొండు గంటలు ఎంచుకున్నాను. నీ వైవా అప్పుడే. ఇద్దరం ఒకే సమయానికి హాజరవుదాం. నువ్వు ఇక్కడికి రావడానికి వీల్లేదు, నేను అక్కడికి రావడానికి వీల్లేదు. మీ అమ్మ సెలవు పెట్టింది. చెప్పినప్పుడు నన్ను తిట్టింది. మొదటిసారి. బాగానే తిట్టింది.

ఎవరూ తప్పకూడదు.

అమ్మమ్మ

*

హాస్టలు, గది 14
సెప్టెంబరు 18, సాయంత్రం 5-30 (నీకోసం టైము వేశాను)

అమ్మమ్మా,

మధ్యాహ్నం రెండింటికి అమ్మ ఫోన్ చేసింది. మత్తు దిగగానే "టైమెంత?" అన్నావట. రెండో మాట "ఎన్ని?" అట. రాళ్ల గురించే అడుగుతోందని నర్సుకి అర్థం కాలేదట. నేను మెట్ల మీద కూర్చుని నవ్వాను. తర్వాత కాసేపు నవ్వలేదు. ఇప్పుడు బాగున్నాను, రాస్తున్నాను.

పదకొండుకి పిలిచారు. కత్తెర నన్ను చూసి, "అదే వెన్న. ఇప్పుడు ఎక్కడుంది?" అంది.

"ఇంకా మీ నోట్లోనే ఉందండీ" అన్నాను. "కరగనివ్వండి, వెళ్దాం."

ఆవిడ పెన్ను మూత తీసింది, మూయలేదు. నోరు, కడుపు, గేటు, కబురు, సంచి, సబ్బు, కత్తెర. ఆ మాట దగ్గర నాలుక కరుచుకున్నాను, మేం పెట్టిన పేరు ఆవిడకి తెలుసో లేదో. మంచం విప్పి గుమ్మం దాటించాను, బిగించాను, మూట కట్టాను. పక్క సందులోంచి ఎడమ భుజం దాకా తీసుకెళ్లాను. అప్పుడు ఆవిడ ఆపింది.

"ఆగమ్మా. వెన్న తినే మనిషికి పిత్తాశయం లేదనుకో. ఇవాళే తీసేశారు. వెన్న పెట్టొచ్చా?"

గోడ గడియారంలో పదకొండూ పది. సరిగ్గా ఆ నిమిషానికి నువ్వు ఆపరేషను బల్ల మీద ఉన్నావు. ఏం మాట్లాడుతున్నానో తెలియకుండానే, "ఇవాళ వద్దండీ. ఆవిడ అడుగుతుంది, అయినా వద్దు" అన్నాను.

"ఎవరు?"

"ఆ మనిషి అండీ" అన్నాను. తర్వాత మాట దానంతటదే వచ్చింది. ముందు తేలిగ్గా, కొద్దికొద్దిగా, రోజులో ఎక్కువసార్లు. కాలేయం ఆగదు. నిల్వ గది పోయింది, సరుకు పోలేదు. కొన్ని వారాలకి అర చెంచాతో మొదలుపెట్టి ఒంటి మాట వింటూ పెంచాలి. పూర్తిగా మాన్పించకూడదు, కణాల గోడలకీ విటమిన్లకీ అది కావాలి.

ఆవిడ ఒక్కసారి కూడా తుంచలేదు. చివర్న, "ఇదంతా ఏ పుస్తకంలో చదివావు?" అంది.

"పుస్తకం కాదండీ, ఫైలు. ఉత్తరం సంఖ్య 41 నుంచి."

అర్థం కాలేదనుకుంటా, కానీ రాసుకుంది. గంటకి గోడ మీద కాగితం అంటించారు. డెబ్భై ఒకటి. దాటాను అమ్మమ్మా.

పిడుగు

*

మేడ మీది ముందు గది
అక్టోబరు 20, మధ్యాహ్నం 3-00
ఉత్తరం సంఖ్య 47

చిరంజీవి పిడుగుకి అమ్మమ్మ దీవెనలు.

46వ ఉత్తరం ఆసుపత్రి మంచం మీద రాసింది, దాన్ని లెక్కలోకి తీసుకోకు, గీతలు వంకరగా ఉన్నాయి.

డెబ్భై ఒకటి అందింది. మిగతా ఇరవై తొమ్మిది ఎక్కడ పోయాయో విచారణ జరపాలి. నాకు మూట కట్టే దగ్గరే అనుమానం. చిరునామా చీటీ సంగతి ఆవిడకి చెప్పావా, మర్చిపోయావా?

రాళ్లు సీసాలో ఇచ్చారు. పదిహేడు. సర్జను పదహారు అని రాశాడు. ఆయన ముందే బల్ల మీద పోసి లెక్కపెట్టి చూపించాను. దిద్దుకుని సంతకం పెట్టాడు. శనగగింజంతది ఒకటి ఉంది, దాన్ని మీ అమ్మ చూడలేకపోయింది. సీసా బీరువాలో, తాళం మార్చాక నా దగ్గరే ఉండిపోయిన పాత ఆఫీసు తాళంచెవి పక్కన పెట్టాను. ఆ సంచి లేకపోయినా ఒళ్లూ, నేను లేకపోయినా ఆఫీసూ నడుస్తున్నాయి. ఉన్నప్పుడు మాత్రం మేమిద్దరం ఊరికే లేము.

నువ్వు రాసిచ్చిన తిండి పట్టిక గోడకి అంటించాను. మూడో వరసలో 'గుడ్డు' దగ్గర పరిమాణం వేయలేదు. సరిచేసి పంపు. చర్మం నయం. మడమలు కూడా.

దర్జీ నేను ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు మెట్ల దగ్గర నిలబడి, "సమస్య నేను కాదన్నమాట" అన్నాడు. కాదు అన్నాను. పాపం, రెండు నెలలు ఆ అనుమానం మోశాడు.

కాగితం తిప్పు. ఈసారి కార్బన్ పొరపాటున పెట్టలేదు.

అమ్మమ్మ

(వెనక వైపు, నీలం రంగులో)

అక్టోబరు 20.
మధ్యాహ్నం 1-10, భోజనం. రొట్టె రెండు ముక్కలు, కూరగాయలు. వెన్న అర చెంచా, పట్టిక ప్రకారం.
1-50, నొప్పి లేదు.
2-10, లేదు.
2-20, కుడి భుజం నొక్కి చూసుకున్నాను. లేదు.
2-40, దర్జీ పళ్లెం తెచ్చాడు. బంగాళాదుంపలు, వేయించినవి. పట్టికలో లేవు కాబట్టి వద్దన్నాను.
2-41, ఒకటి తీసుకున్నాను.